ముక్కులో గడ్డలన్నీ క్యాన్సర్ కాదు!

ముక్కులో ఎర్రటి కండ, చీదితే నెత్తురు... ఈ రెండూ కనిపిస్తే చాలు, ‘క్యాన్సరేమో’ అన్న అనుమానం ఇంటిల్లిపాదినీ వణికిస్తుంది. నిజానికి క్యాన్సర్‌లా కనిపిస్తూ క్యాన్సర్ కాని గడ్డలు ముక్కులో చాలానే వస్తాయి. ఏది ఏదో కంటితో చూసి తేల్చేయడం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా కష్టమే. మరి ఎలా తేలుస్తారు? తేలేలోపు రోగి, ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

జంగారెడ్డిగూడెం ఒకప్పుడు పశ్చిమగోదావరి జిల్లాలో, 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉన్న మెట్ట పట్టణం. ఇటు పొగాకు చేలు, ఆయిల్‌పామ్ తోటలు. అటు బుట్టాయగూడెం, పోలవరం వైపు ఏజెన్సీ పల్లెలు. ఊరూరా చెరువులు, పక్కనే ఎర్రకాలువ. ఇలాంటి చోట ఎవరికైనా ముక్కు దిబ్బడ వేస్తే ముందు ‘పడిశం’ అంటారు. నెల దాటినా తగ్గకపోతే ‘దుర్మాంసం పెరిగింది’ అంటారు. నెత్తురు కూడా పడిందంటే గొంతు తగ్గించి మరో మాట అంటారు. పరీక్ష జరగకముందే ఆ మాట ఊరంతా తిరిగి ఇంటికొస్తుంది.

అక్కడి నుంచి రెండు రకాల కష్టాలు మొదలవుతాయి. కొందరు భయపడిపోయి, ఏ పరీక్షా లేకుండానే అప్పుల కోసం తిరుగుతారు, పొలం బేరం పెడతారు. మరికొందరు ఆ భయంతోనే ఆసుపత్రి గడప తొక్కరు. పసర్లు పోయించుకుంటూ, ఘాటు మందులతో కాల్పించుకుంటూ నెలలు గడిపేస్తారు. మామూలు గడ్డ అయితే మొదటివాళ్లు ఊరికే నలిగిపోయినట్టు. నిజంగా క్యాన్సర్ అయితే రెండోవాళ్లు నయమయ్యే సమయాన్ని చేతులారా పోగొట్టుకున్నట్టు. ఈ రెండింటికీ విరుగుడు ఒక్కటే. అదే ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. అయితే దాన్ని ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, ఎవరికి చేయకూడదు అన్నది తెలిసి ఉండాలి.

చెరువు నీళ్లు... ఎర్రటి కండ

కోస్తా జిల్లాల చెవి ముక్కు గొంతు డాక్టర్ల ఓపీల్లో ఇలాంటి మాటలు వినిపించడం కొత్త కాదు.

‘డాక్టరు గారూ, మావోడికి ముక్కులో క్యాన్సరంటండి.’

‘ఎవరన్నారమ్మా?’

‘మా ఊరి ఆరెంపీ గారన్నారండి. లైటేసి చూసి చెప్పేశారండి.’

‘ముక్క తీసి పరీక్షకి పంపారా?’

‘లేదండి.’

‘అబ్బాయి స్నానం ఎక్కడ చేస్తాడు?’

‘ఆయ్, చెరువులోనేనండి. గేదెల్ని కడగడానికి తోలుకెళ్తాడు కదండీ, ఆటితోపాటే ఈడూ దిగుతాడండి.’

క్యాన్సర్ గురించి అడిగితే డాక్టరు గారు చెరువు గురించి అడగడం ఆ తల్లికి వింతగా ఉండొచ్చు. కానీ ఆ ఒక్క ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. చెరువుల్లో, కుంటల్లో స్నానాలు చేసేవారికి, నదుల్లో ఇసుక తీసే కూలీలకు ముక్కులో ఎర్రటి కండ పెరిగే జబ్బు ఒకటి ఉంది. దాని పేరు రైనోస్పోరిడియోసిస్. ప్రపంచంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది మన దేశంలో, శ్రీలంకలో. మన దేశంలో దక్షిణాది రాష్ట్రాలతోపాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్, పశ్చిమ బెంగాల్‌లలోనూ ఉంది.

ఈ కండ చూడటానికి ఎర్రగా, గరుకుగా, స్ట్రాబెర్రీ పండులా ఉంటుంది. పైన తెల్లటి చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. ముట్టుకుంటే చాలు నెత్తురు వస్తుంది. సాధారణంగా ఒకవైపు ముక్కులోనే పెరుగుతుంది. ఒక్కోసారి ముక్కులోంచి బయటికి వేలాడుతుంది, లేదా వెనక్కి గొంతులోకి జారుతుంది. కంటి రెప్పల లోపలి పొర మీద కూడా రావచ్చు. అరుదుగా చర్మం మీదా కనిపిస్తుంది. ఎక్కువగా యువకుల్లో, ఆడవారికన్నా మగవారిలో వస్తుంది. ఒకవైపు దిబ్బడ, ముట్టుకుంటే నెత్తురు, రోజురోజుకీ పెరగడం... ఈ మూడూ క్యాన్సర్‌కీ ఉండే లక్షణాలే. పోలిక అక్కడే వస్తుంది.

తేడా తెలిసేది మైక్రోస్కోప్ కింద. కండలోంచి తీసిన ముక్కను పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి చూస్తే గుండ్రటి సంచులు కనిపిస్తాయి. వీటిని స్పొరాంజియాలు అంటారు. బాగా ముదిరినవి పావు మిల్లీమీటరుకు పైగా ఉంటాయి. ఒక్కో సంచిలో వేల కొద్దీ బీజాలు కిక్కిరిసి ఉంటాయి. పైన కంటికి కనిపించే తెల్లటి చుక్కలు ఈ సంచులే. ఇవి కనిపించాయంటే ఇక అనుమానానికి తావు తక్కువ. ఖరీదైన ప్రత్యేక పరీక్షలు కూడా అక్కర్లేదు, ప్రతి పాథాలజీ ల్యాబ్‌లో వాడే మామూలు రంగులే చాలు.

నూటపాతికేళ్లుగా డాక్టర్లనే తికమక పెట్టిన జబ్బు

ఈ జబ్బు చరిత్ర చూస్తే పైకి చూసి పేరు పెట్టడం ఎంత కష్టమో అర్థమవుతుంది. దీన్ని మొదట వర్ణించింది అర్జెంటీనాకు చెందిన గిలెర్మో సీబర్, 1900లో. 1903లో కలకత్తాలో ఓకినీలీ అనే వైద్యుడు ముక్కులో పెరిగిన ఇలాంటి కండ గురించే రాశారు. 1923లో ఆష్‌వర్త్ అనే శాస్త్రవేత్త దీని జీవితచక్రాన్ని వివరించి, ఇది ఒక రకం బూజు అని తేల్చారు. సీబర్ పేరు కలిపి రైనోస్పోరిడియం సీబరై అని పిలిచారు. 70 ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాలన్నీ దీన్ని బూజుల జాబితాలోనే చేర్చాయి.

1999, 2000 సంవత్సరాల్లో జన్యు పరీక్షలు చేశాక తెలిసింది... ఇది బూజు కాదని! చేపల్లో, కప్పల్లో జబ్బులు కలిగించే కొన్ని సూక్ష్మజీవులకు ఇది దగ్గరి చుట్టం. అంటే దీని సంబంధం మొదటి నుంచీ నీళ్లతోనే. 1992, 93 ప్రాంతంలో సెర్బియాలో ఒకేసారి పలువురికి ఈ జబ్బు వచ్చినప్పుడు ఆరా తీస్తే, వాళ్లంతా ఒకే సరస్సులో ఈతకు దిగినవాళ్లని తేలింది.

నీళ్లలోని ఈ జీవి ముక్కు లోపలి పొర మీద ఉన్న చిన్న చిన్న గాయాల్లోంచి ప్రవేశిస్తుందని భావిస్తున్నారు. అలాగని చెరువులో దిగిన ప్రతివారికీ రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్న దాఖలాలు కూడా లేవు. కాబట్టి రోగిని విడిగా కూర్చోబెట్టడం, కంచం వేరు చేయడం లాంటివి అక్కర్లేదు.

దీనికి చికిత్స ఆపరేషనే. ఎండోస్కోపుతో చూస్తూ కండను మొత్తంగా తీసి, అది పుట్టిన చోట కరెంటుతో కాలుస్తారు. ఎందుకంటే తీసేటప్పుడు బీజాలు చుట్టుపక్కల రాలితే జబ్బు మళ్లీ వచ్చే అవకాశం ఉంది. కొందరికి ఆపరేషన్ తర్వాత డాప్సోన్ మాత్రలు కూడా ఇస్తారు. ఈ మందు కొందరిలో రక్తహీనత తెస్తుంది. అందుకే రక్తపరీక్షలు చేయించి, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. ఆపరేషన్ అయ్యాక మళ్లీ అదే చెరువులో మునిగితే మొదటికి వచ్చే ప్రమాదం ఉందని వేరే చెప్పక్కర్లేదు.

గిల్లి చూడకూడని గడ్డ

‘అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపండి’ అన్నది మంచి సూత్రమే. కానీ దానికీ మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది యాంజియోఫైబ్రోమా.

ఇది దాదాపు ఎప్పుడూ ఎదిగే మగపిల్లల్లోనే వస్తుంది. పది నుంచి ఇరవై ఏళ్ల మధ్య వయసు. ఒకవైపు ముక్కు మూసుకుపోతుంది, ఉన్నట్టుండి ధారగా నెత్తురు పడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది. నిర్లక్ష్యం చేస్తే చెంప ఉబ్బుతుంది, కన్ను ముందుకు వస్తుంది, చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది. స్కాన్‌లో ఇదంతా చూస్తే క్యాన్సరేననిపిస్తుంది. కానీ ఇది క్యాన్సర్ కాదు. ఒంట్లో మరోచోటికి పాకదు. దీని నిండా రక్తనాళాలే. మామూలు రక్తనాళాలు తెగితే వాటి గోడలు ముడుచుకుని నెత్తురు ఆగుతుంది. ఈ గడ్డలోని నాళాల గోడల్లో అలా ముడుచుకునే కండర పొర సరిగా ఉండదు. అందుకే ఓపీలో కూర్చోబెట్టి చిన్న ముక్క గిల్లినా రక్తం ఆగక ప్రాణం మీదకు రావచ్చు.

కాబట్టి కుర్రాడికి ఒకవైపు దిబ్బడ, పదేపదే నెత్తురు ఉంటే ముందు ముక్క పరీక్ష కాదు, స్కాన్ తీయాలి. రంగు మందు ఎక్కించి తీసే సీటీ, ఎంఆర్ఐ స్కాన్లలోనే ఈ గడ్డ తన గుర్తులు చెబుతుంది. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు, గడ్డకు రక్తం తెచ్చే నాళాన్ని లోపలి నుంచి మూసేసే పద్ధతి కూడా ఉంది. దానివల్ల ఆపరేషన్‌లో రక్తస్రావం బాగా తగ్గుతుంది. ఇలాంటి కేసులు పెద్ద ఆసుపత్రుల్లోనే చేయించుకోవాలి.

రెండో మినహాయింపు పసిపిల్లలు. పుట్టినప్పటి నుంచీ ముక్కు మూసుకుని, లోపల మెత్తటి గడ్డ కనిపిస్తే అది మామూలు కండ కాకపోవచ్చు. పుర్రె అడుగున ఉన్న రంధ్రంలోంచి మెదడు పొరలు, ఒక్కోసారి మెదడు భాగమే కిందికి జారి అలా కనిపిస్తాయి. దాన్ని కండ అనుకుని గిల్లితే మెదడు చుట్టూ ఉండే నీరు కారిపోతుంది, మెదడువాపు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే చిన్నపిల్లల ముక్కులో గడ్డ ఉంటే స్కాన్ కాకుండా ఎవరూ చేయి పెట్టకూడదు.

క్యాన్సర్ కాదు... అలాగని వదలకూడదు

నలభై దాటిన వారిలో, ముఖ్యంగా మగవారిలో కనిపించేది ఇన్వర్టెడ్ పాపిల్లోమా. మామూలు పులిపిరి బయటికి పెరుగుతుంది. ఇది లోపలికి, అంటే కింది పొరల్లోకి మడతలు పడుతూ పెరుగుతుంది. పేరులోని ‘ఇన్వర్టెడ్’ అన్న మాటకు అర్థం అదే. ఒకవైపే వస్తుంది. ఎముకను ఒత్తి పల్చబరుస్తుంది. సరిగా తీయకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది.

దీన్ని క్యాన్సర్ కాని గడ్డల్లోనే లెక్కవేస్తారు. కానీ నూటికి ఐదు నుంచి పదిహేను మందిలో ఇందులోనే ఎక్కడో ఒకచోట క్యాన్సర్ దాగి ఉంటుంది, లేదా తర్వాత తలెత్తుతుంది. ముందుగా తీసిన చిన్న ముక్కలో అది దొరక్కపోవచ్చు. అందుకే ఆపరేషన్‌లో తీసినదంతా, ఒక్క తునక కూడా పారేయకుండా పాథాలజీకి పంపాలి. గడ్డ ఎముకకు అతుక్కున్న చోటును శుభ్రంగా గీకి తీయాలి. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఎండోస్కోపీతో చూపించుకుంటూ ఉండాలి. ‘క్యాన్సర్ కాదన్నారు కదా’ అని మళ్లీ ఆసుపత్రి వైపు చూడకపోవడమే ఇక్కడ పెద్ద తప్పు.

బూజు, బ్యాక్టీరియా, చింతగింజ...

వేడి, తేమ ఉన్న మన వాతావరణంలో సైనస్‌లలో బూజు పట్టడం మామూలే. అలర్జీ ఉన్నవారిలో ఈ బూజు చుట్టూ చిక్కటి జిగురు పేరుకుని, సైనస్ ఉబ్బి, ఎముక పల్చబడి, కన్ను పక్కకు జరుగుతుంది. స్కాన్ చూసి కంగారు పడేలా ఉంటుంది. కానీ ఆపరేషన్‌తో శుభ్రం చేసి, స్టెరాయిడ్ మందులు వాడితే అదుపులోకి వస్తుంది. అదే బూజు లోపలి కణజాలంలోకి చొచ్చుకుపోతే కథ వేరు. 2021లో కరోనా రెండో దశలో ‘బ్లాక్ ఫంగస్’ ఎలా ప్రాణాలు తీసిందో తెలిసిందే. మొదటి రకానికి స్టెరాయిడ్ మందు, రెండో రకానికి అదే విషం. ఏ రకమో తేల్చేది మళ్లీ ముక్క పరీక్షే.

రైనోస్క్లిరోమా మరో వేషధారి. ముక్కు గట్టిపడి, లావెక్కి, రూపం మారిపోతుంది. 1870లో వియన్నాలో హెబ్రా అనే ప్రఖ్యాత చర్మవైద్యుడు దీన్ని వర్ణించినప్పుడు కణితి అనే అనుకున్నారు. కొన్నేళ్లకే మిక్యులిచ్ అనే మరో వైద్యుడు మైక్రోస్కోప్ కింద చూసి, ఇది కణితి కాదు, వాపు వల్ల వచ్చిన జబ్బు అని చెప్పారు. 1882లో ఫ్రిష్ దీనికి కారణమైన బ్యాక్టీరియాను కనిపెట్టారు. ఇప్పుడు దీన్ని నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడి నయం చేస్తున్నారు. క్షయ కూడా ముక్కులో గడ్డలా, పుండులా రావచ్చు. దానికి క్షయ మందులు ఉన్నాయి.

గర్భిణుల్లో కొందరికి ముక్కు దూలం ముందు భాగంలో ఎర్రటి గుండ్రటి గడ్డ వేగంగా పెరుగుతుంది. తెగ నెత్తురు కారుతుంది. వేగంగా పెరిగేసరికి భయపడతారు గానీ, ఇది రక్తనాళాల గుంపు మాత్రమే. చాలామందిలో కాన్పు తర్వాత తగ్గిపోతుంది. తగ్గకపోయినా, కారే నెత్తురు ఇబ్బంది పెట్టినా తీసేయడం కష్టం కాదు.

ఇక చింతగింజ కథ. చిన్నప్పుడు ఆటలో ముక్కులో దూర్చుకున్న గింజో, పూసో, రబ్బరు ముక్కో ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని చుట్టూ సున్నం పేరుకుని రాయి అవుతుంది. పెద్దయ్యాక ఒకవైపు ముక్కులోంచి దుర్వాసన, చీము, నెత్తురు. లోపల గట్టిగా తగులుతుంది. అచ్చం క్యాన్సర్ లక్షణాలే! తీరా సీటీ స్కాన్ తీస్తే రాయి బయటపడుతుంది. పిల్లల్లో మాత్రం వాచీల్లో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బ్యాటరీ ముక్కులో పెట్టుకుంటే అది అత్యవసరం. గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

రెండువైపులా ద్రాక్షపళ్లలా తెల్లగా, నొప్పి లేకుండా, నెత్తురు రాకుండా పెరిగే కండలు మాత్రం చాలావరకు అలర్జీ, వాపు వల్ల వచ్చే పాలిప్స్. తుమ్ములు, ఆస్తమా ఉన్నవారిలో ఎక్కువ. వీటికి స్ప్రేలు, అవసరమైతే ఆపరేషన్.

సీసాలో ఏం పోశారు?

ముక్క తీయడంతో పని అయిపోదు. అది ల్యాబ్‌కు ఎలా చేరుతుందన్నది అంత కన్నా ముఖ్యం. తీసిన ముక్కను పది శాతం ఫార్మలిన్‌లో, ముక్క కన్నా పదింతలు ద్రవం ఉండేలా, వెడల్పు మూతి సీసాలో వేయాలి. సెలైన్‌లోనో, స్పిరిట్‌లోనో వేసి పంపితే కణాలు పాడై, రిపోర్టు తేలకుండా పోతుంది. బూజు, క్షయ అనుమానం ఉంటే కల్చర్ కోసం ఇంకో ముక్కను ఫార్మలిన్ లేకుండా సెలైన్‌లో విడిగా పంపాలి. సీసా మీద పేరు, వయసు, ఏ వైపు ముక్కు అన్నది ఉండాలి.

చిన్న ఊళ్లలో ఆపరేషన్ చేసి, ‘ఈ సీసా ల్యాబ్‌లో ఇచ్చేయండి’ అని బంధువుల చేతిలో పెట్టడం మామూలే. ఆ కంగారులో సీసా సంచిలోనే ఉండిపోతుంది. లేదా ‘తీసేశారుగా, ఇక పరీక్ష ఎందుకు, వెయ్యి రూపాయలు దండగ’ అనుకుంటారు. తీసేసిన గడ్డ ఏమిటో తెలియకపోతే అది మళ్లీ వచ్చినప్పుడు డాక్టరు చీకట్లో వెతుక్కోవాల్సిందే. ముక్కులోంచి తీసిన ఏ గడ్డనైనా పరీక్షకు పంపాల్సిందే.

పాథాలజిస్టుకు కూడా సమాచారం కావాలి. రైనోస్పోరిడియోసిస్, రైనోస్క్లిరోమా వంటి జబ్బుల్లో పై పొర దట్టంగా పెరిగి, లోపలికి వేళ్లూనినట్టు కనిపిస్తుంది. పైపైన గిల్లిన చిన్న ముక్క మాత్రమే పంపితే మైక్రోస్కోప్ కింద కూడా అది క్యాన్సర్‌లా భ్రమింపజేస్తుంది. అందుకే ముక్క తగినంత లోతుగా ఉండాలి. రోగి వయసు, చెరువు స్నానం అలవాటు, ఎన్నాళ్లుగా ఉంది, స్కాన్‌లో ఏం కనిపించింది అన్నవి ఫారంలో రాయాలి. రెండు ముక్కల రాత కొన్నిసార్లు పెద్ద పొరపాటును తప్పిస్తుంది.

రిపోర్టు మీద అనుమానం ఉంటే మళ్లీ ముక్క తీయించుకోనక్కర్లేదు. పరీక్ష చేసిన ముక్కను మైనపు దిమ్మల్లో భద్రపరుస్తారు. వీటినే బ్లాకులు అంటారు. ఆ బ్లాకులు, గాజు స్లైడ్లు అడిగి తీసుకుని మరో పాథాలజిస్టుకు చూపించవచ్చు. దీన్ని డాక్టర్లు తప్పుగా అనుకోరు. అది రోగి హక్కు.

‘కాదు’ అని వచ్చినా...

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన పల్లెల్లో బలంగా ఉంది. అది నిజం కాదు. ఆలస్యం చేస్తేనే పాకుతుంది.

రిపోర్టు ‘క్యాన్సర్ లేదు’ అని వచ్చినా గడ్డ పెరుగుతూనే ఉంటే, పుండు లోతవుతూ ఉంటే ఊరుకోకూడదు. ముక్కులో వచ్చే ఒక రకం లింఫోమా కణజాలాన్ని చంపుకుంటూ పోతుంది. మొదటి ముక్కలో చచ్చిన కణజాలమే వచ్చి, అసలు జబ్బు దొరకదు. రెండు మూడుసార్లు లోతుగా తీస్తే గానీ బయటపడదు. అందుకే రిపోర్టు, రోగి పరిస్థితి రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ పరీక్ష చేయాలి.

ముక్కు, సైనస్‌ల క్యాన్సర్లు అరుదే. తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లన్నిటిలో మూడు నుంచి ఐదు శాతమే. ఏళ్ల తరబడి కలపపొట్టు పీల్చే వడ్రంగులకు, పొగ తాగేవారికి ముప్పు ఎక్కువ. అరుదైనవే అయినా ఇవి చాలావరకు ఆలస్యంగా దొరుకుతాయి. కారణం... మొదట్లో మామూలు పడిశంలా ఉండటమే. ఒకవైపే దిబ్బడ మూడు నాలుగు వారాలు దాటితే, ఒకవైపు నుంచే నెత్తురు కలిసిన చీమిడి వస్తుంటే, చెంప మొద్దుబారితే, పైపళ్లు కారణం లేకుండా కదిలితే, వస్తువులు రెండుగా కనిపిస్తే, కన్ను ముందుకు వస్తే, మెడలో బిళ్ల కడితే చెవి ముక్కు గొంతు డాక్టరుకు వెంటనే చూపించుకోవాలి. వయసు నలభై దాటితే మరీ.

జంగారెడ్డిగూడెం వైపు వారికి ఏలూరులో, రాజమండ్రిలో ఈ నిపుణులు ఉన్నారు. ఇంకా పెద్ద ఆపరేషన్ అవసరమైతే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. క్యాన్సర్ అని తేలితే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం కింద చికిత్సకు సాయం దొరుకుతుంది. పొలం బేరం పెట్టే ముందు పథకంలో ఉన్న ఆసుపత్రి సహాయ కేంద్రంలో ఓసారి అడగాలి. అంతకన్నా ముందు ముక్క పరీక్ష రిపోర్టు చేతికి రావాలి. ఆ కాగితం లేకుండా ఏ క్యాన్సర్ చికిత్సా మొదలుపెట్టకూడదు.

ఇవి మరవొద్దు

• గేదెలు, మనుషులు కలిసి దిగే చెరువులు, కుంటల్లో తల ముంచి స్నానం చేయకపోవడమే మేలు. ముక్కులో పుండ్లు ఉన్నప్పుడు అసలే వద్దు.

• ముక్కులో కండకు పసర్లు పోయించడం, కాల్పించడం, లాగించడం ప్రమాదం. జబ్బు పోదు సరికదా, పరీక్షలో తేలాల్సిన గుర్తులు చెడిపోతాయి.

• ఎదిగే కుర్రాడికి పదేపదే నెత్తురు పడుతుంటే, పసిబిడ్డ ముక్కులో గడ్డ కనిపిస్తే ముందు స్కాన్, తర్వాతే మిగతావి.

• తీసిన గడ్డను పరీక్షకు ఇచ్చారో లేదో ఇంట్లోవాళ్లే గట్టిగా అడగాలి. రిపోర్టు సాధారణంగా వారం రోజుల్లోపే వస్తుంది. ప్రత్యేక రంగు పరీక్షలు అవసరమైతే మరికొన్ని రోజులు పట్టవచ్చు.

• రిపోర్టు, స్కాన్ ఫిల్ములు జాగ్రత్తగా దాచాలి. ఐదేళ్ల తర్వాత గడ్డ మళ్లీ వస్తే కొత్త డాక్టరు మొదట అడిగేవి అవే.